దావీదు పట్టు, నా నూనె

ఒక కుర్రాడి చేతుల్లోంచి నూట అరవై అయిదు కిలోల ఇనుము జారి కిందపడింది. దానికి కారణం నేను. ఈ మాట ఆ సాయంత్రమే చెప్పాల్సింది, చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను, జలుబు చేసింది. ఆ జలుబు ఇరవై ఎనిమిదేళ్ళు ఉంది.

ఇప్పుడు చెబుతున్నాను. మీరు నవ్వుకోవచ్చు. మధ్యలో ఒకచోట నామీద కోపం కూడా వస్తుంది, దానికీ నాకు అభ్యంతరం లేదు. నేను వెలగబెట్టిన ఘనకార్యం ఎంతటిదంటే, అది గుర్తొస్తే గదిలో ఎవరూ లేకపోయినా మొహం గోడవైపు తిప్పుకుంటాను.

డెబ్భైల చివర్లో విజయవాడ వన్ టౌన్‌లో మా నాన్నకి బట్టల కొట్టు ఉండేది. దాని వెనక సందులో, మిరపకాయల గోడౌనుకీ బెల్లం గోడౌనుకీ మధ్య ఒక రేకుల షెడ్డు. అదే మా వ్యాయామశాల. ఒక పక్క నుంచి ఘాటు వచ్చేది, రెండో పక్క నుంచి ఈగలు వచ్చేవి. ఊపిరి బిగబట్టి బరువెత్తబోయేసరికి తుమ్ము వచ్చేది. ఆ షెడ్డులో మా కండల కంటే మా ముక్కులే ఎక్కువ కష్టపడ్డాయి.

అక్కడ రెండు జాతుల వాళ్ళం ఉండేవాళ్ళం. గోడకి ఒక నిలువుటద్దం బిగించి ఉండేది. దానికి మొహం పెట్టి నిలబడేవాళ్ళు కండలవాళ్ళు. వీపు పెట్టి నిలబడేవాళ్ళు బరువులవాళ్ళు. నేను మొదటి జాతి. మేం కూరమడి పెంచినట్టు ఒక్కో కండకీ విడిగా నీళ్ళు పోసి పెంచేవాళ్ళం. ఇవాళ జబ్బలు, రేపు ఛాతీ, ఎల్లుండి పొట్ట మీద గళ్ళు. పోటీ రోజున ఒళ్ళంతా నూనె రాసుకుని, లైట్ల కింద నిలబడి, ఊపిరి బిగబట్టి, నొప్పిగా ఉన్నా నవ్వుతూ, మా పంటని జనానికి చూపించేవాళ్ళం. మేం ఎంత ఎత్తగలం అన్నది ఎవరూ అడగరు. అడక్కపోవడమే మాకు మంచిది.

బరువులవాళ్ళకి మూడే పనులు. బరువులు తగిలించిన ఇనుప కడ్డీని, అంటే బార్‌ని, భుజాల వెనక మోస్తూ గుంజీ తీసి లేవాలి. బల్ల మీద వెల్లకిలా పడుకుని గుండెల మీంచి పైకి నెట్టాలి. నేల మీద ఉన్నదాన్ని రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడాలి. మూడింటిలో ఎత్తినవన్నీ కూడతారు. ఎవడి కూడిక పెద్దదో వాడు గెలిచాడు. వాడికి బొజ్జ ఉందా, బట్టతల ఉందా అన్నది ఎవడికీ పట్టదు.

రైల్వేలో పనిచేసి రిటైరైన మా మాస్టారు ఈ తేడాని ఒక్క ముక్కలో చెప్పేవారు.

"కండలోడు అద్దాన్ని అడుగుతాడ్రా. బరువులోడు భూమిని అడుగుతాడు. అద్దానికి మొహమాటం ఎక్కువ. భూమికి ఉండదు."

ఇది ఆయన నన్ను చూస్తూనే ఎందుకు అంటారో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

ఇక దావీదు. వాళ్ళ నాన్న గోడౌన్లలో బస్తాలు మోసే ముఠాలో ఉండేవాడు. దావీదు కూడా పద్నాలుగో ఏటి నుంచే పొద్దున్న పూట ముఠాలో మోసి, సాయంత్రం వ్యాయామశాలకి వచ్చేవాడు. మనిషిని చూస్తే ఏమీ ఉండదు. నాకంటే జానెడు పొట్టి, అరవై కిలోలు తూగడానికి అరిటిపండు తినాలి. చొక్కా విప్పినా, తొడుక్కున్నా ఒకేలా ఉండేవాడు. నేను చొక్కా విప్పితే పక్క వీధి పిల్లలు వచ్చి చూసేవాళ్ళు.

కానీ అతను బార్ ముందు నిలబడితే షెడ్డులో మాటలు ఆగిపోయేవి. ఎలా చెప్పను? మనం బరువెత్తితే మనకీ బరువుకీ జగడం. మొహం వంకర పోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, లోపల్నుంచి రకరకాల చప్పుళ్ళు వస్తాయి. దావీదు ఎత్తితే జగడం కనపడేది కాదు. కళ్ళు మూసుకుని పెదాలతో చిన్నగా ప్రార్థన చేసుకునేవాడు. వంగి పట్టుకునేవాడు. కాసేపు ఏమీ జరిగేది కాదు. తర్వాత ఆ ఇనుము, తనకే లేవాలనిపించినట్టు, లేచేది. నేను డంబెల్ పట్టుకుని అద్దంలో అతని వీపుని చూస్తూ, నా జబ్బ సంగతి మర్చిపోయేవాణ్ణి. అద్దంలో నన్ను నేను చూసుకోవడం మర్చిపోయిన సందర్భాలు నా జీవితంలో అవే.

అతనికో అలవాటు ఉండేది. ముఠావాళ్ళందరిదీ అదే అలవాటు. ఎత్తబోయే బస్తాని ముందుగా తడిమి చూడరు. తడిమితే బరువు పెరుగుతుందని వాళ్ళ నమ్మకం. ఒకసారి పట్టుకున్నాక వదిలి మళ్ళీ పట్టుకోరు. అలా చేస్తే మిగతావాళ్ళు వారం రోజులు నవ్వుతారు. దావీదు ఆ రెండు పద్ధతులూ బార్ దగ్గరా తప్పేవాడు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేనూ గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేది.

మేమిద్దరం ప్రాణస్నేహితులం. మా ఇంట్లో గుడ్డు అన్న మాటే వినపడకూడదు. కండలకేమో గుడ్లు కావాలి. రోజూ సాయంత్రం దావీదు వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళమ్మ మరియమ్మగారు ఇచ్చే రెండు పచ్చిగుడ్లు గుటుక్కుమనిపించి, యాలక్కాయ నములుకుంటూ ఇంటికి పోయేవాణ్ణి.

"మీ అమ్మకి తెలిస్తే నన్ను తిట్టుద్దేమో బాబూ," అనేది ఆవిడ.

"తెలియదు పిన్నిగారూ."

"మా వాడికెట్టాగూ కండ పట్టదు. నీకన్నా పట్టనీ."

ఆ ఇంటి గుడ్లు నా చేతుల్లో కండలయ్యాయి. ఆ చేతులు ఏం చేశాయో చూడండి.

ఆ ఏడు మా ఊళ్ళోనే కుర్రాళ్ళ పోటీలు పెట్టారు. ఒక హైస్కూలు ఆవరణలో స్టేజీ వేసి, మధ్యాహ్నం బరువులు, ఆ వెంటనే కండలు అన్నారు. బరువుల్లో గెలిచినవాడు రాష్ట్రం జట్టులో వెళతాడు. జట్టులో వెళ్ళినవాడికి రైల్వేలో ఆటగాళ్ళ కింద ఉద్యోగం రావచ్చని, తనకి తెలిసిన పెద్దవాళ్ళతో తనే మాట్లాడతానని మాస్టారు దావీదుతో చెప్పారు. పందొమ్మిది నిండితే కుర్రాళ్ళ విభాగం లేదు. దావీదుకి మరుసటి నెలలో పందొమ్మిది నిండుతాయి. అంటే అదే మొదటిదీ, అదే ఆఖరిదీ.

"ఉద్యోగం వస్తే నాన్నని ముఠా మానిపిస్తాను," అన్నాడు ముందురోజు. "ఆయన మెడ ఇప్పటికే ఒక పక్కకి తిరగట్లేదు."

"వస్తుందిరా. నువ్వు ఎత్తుతావు."

"నువ్వేం చేస్తావు రేపు?"

"నేను మెరుస్తాను."

మెరవడానికి నేను చేసిన ఏర్పాటు వినండి. అందరూ కొబ్బరినూనె రాసుకుంటారు. అది లైట్ల వేడికి ఇంకిపోతుందని నా పరిశోధన. అందుకని నువ్వులనూనెలో మా నాయనమ్మ ఆముదం సగానికి సగం కలిపాను. తలనుంచి కాలివేళ్ళ దాకా మూడు దఫాలు పట్టించాను. చూడ్డానికి అప్పుడే మూకుట్లోంచి తీసిన గారెలా ఉన్నాను. కుర్చీలో కూచుంటే కుర్చీలోంచి జారాను. స్టేజీ పక్కన నిలబడితే గాల్లో ఎగిరే పురుగులు వచ్చి నా ఛాతీ మీద శాశ్వత నివాసం ఏర్పరచుకున్నాయి.

"ఏంట్రా ఇది?" అన్నారు మాస్టారు ముక్కు మూసుకుని.

"ఆముదం మాస్టారూ. మెరుపుకి."

"పొట్ట శుభ్రం కావడానికేమో అనుకున్నా. ఎవర్నీ ముట్టుకోకు. దూరంగా నిలబడు."

ఆయన చెప్పినట్టు దూరంగా నిలబడి ఉంటే నాకీ రాత ఉండేది కాదు.

స్టేజీ మీద బరువులు సాగుతున్నాయి. అరవై కిలోల తరగతిలో ఆఖరికి ఇద్దరే మిగిలారు. ఏలూరు కుర్రాడు ఒకడు, మన దావీదు. ఏలూరు కుర్రాడు తను ఎత్తాల్సినవన్నీ ముగించి ముందున్నాడు. దావీదుకి ఇంకొక్కటే ఉంది, నేలమీంచి ఎత్తేది. నూట అరవై అయిదు ఎత్తితే రెండున్నర కిలోల తేడాతో అతనిదే గెలుపు. షెడ్డులో నూట అరవై అయిదుని అతను ఎత్తగా నేను నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ నా ఒళ్ళు గగుర్పొడిచింది.

బార్‌కి బిళ్ళలు తొడిగారు, ఒక్కో పక్క అయిదేసి. సరిగ్గా అప్పుడు ముఖ్య అతిథిగారి కారు వచ్చింది. దండలు, చప్పట్లు, పరిచయం. ఆట పది నిమిషాలు ఆపారు. అందరూ గేటు వైపు వెళ్ళారు. దావీదు స్టేజీ వెనక మెట్ల మీద తలకి తువ్వాలు కప్పుకుని ప్రార్థనలో ఉన్నాడు. స్టేజీ మీద ఆ బార్, ఒక ఫోటోగ్రాఫరు, నేను.

"రీలులో రెండు మిగిలినయ్ తమ్ముడూ," అన్నాడు ఫోటోగ్రాఫరు. "ఒకటి అతిథిగారికి. ఒకటి నీకు తియ్యనా?"

అద్దం ముందు పెరిగిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఆ బరువుతో తియ్యి అన్నా," అన్నాను.

"ఎత్తుతావా?"

"ఎత్తబోతున్నట్టు తియ్యి."

వెళ్ళి వంగి, బార్ మధ్యలో, దావీదు ఎక్కడ పట్టుకుంటాడో సరిగ్గా అక్కడే, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. జబ్బలు ఉబ్బించాను. ఫోటోగ్రాఫరు కెమెరా సర్దుకుంటున్నాడు కదా అని, ఊరికే కొద్దిగా లాగి చూశాను. అది కదల్లేదు. ఇంకొంచెం లాగాను. నా నడుం మాత్రం కదిలింది. ఆ రెండు క్షణాల్లో దావీదు మీద నాకు కలిగిన గౌరవాన్ని మాటల్లో పెట్టలేను. కొండని ఎవడో మోస్తాడని విన్నవాడు, వెళ్ళి ఒకసారి ఆ కొండని తోసి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఫ్లాష్ వెలిగింది. నేను దిగి పక్కకి వచ్చాను.

చప్పట్లు ఆగాయి. జనం మళ్ళీ కూచున్నారు. మైకులో దావీదు పేరు పిలిచారు. అతను లేచి, చేతులకి సుద్దపొడి రాసుకుంటూ నా ముందునుంచే నడిచాడు.

అప్పుడు చూశాను. బార్ మధ్యలో రెండుచోట్ల మెరుస్తోంది.

ఇక్కడ మీకు నామీద కోపం రావాలి. ఒక్క కేక వేస్తే సరిపోయేది. "మాస్టారూ, బార్ తుడవండి" అంటే చాలు. నోరు తెరిచాను కూడా. తెరిచాక నాకు జనం కనపడ్డారు. వెయ్యిమంది దాకా ఉన్నారు, ముందు వరసలో మా కాలేజీ అమ్మాయిలు నలుగురు. నేను కేక వేస్తే అందరూ ఇటు తిరుగుతారు. ఎందుకు తుడవాలి అంటారు. ఎత్తలేని బరువు పక్కన ఫోటో దిగానని చెప్పాలి, అదీ జానెడు లంగోటీతో, ఒంటి నిండా పురుగులతో. నా పరువుకీ దావీదు ఉద్యోగానికీ మధ్య పది అడుగులు ఉన్నాయి. నేను నోరు మూసుకున్నాను. సుద్దపొడి ఉందిగా, ఏం కాదులే అనుకున్నాను.

అతను తడిమి చూడలేదు. కళ్ళు మూసుకున్నాడు, వంగాడు, పట్టుకున్నాడు. అతని భుజాలు ఒక్కసారి ఉలిక్కిపడడం నాకు కనిపించింది. వేళ్ళకి తెలిసిపోయింది. వదిలి, తుడుచుకుని, మళ్ళీ పట్టుకోవచ్చు. పట్టుకున్నదాన్ని వదలడం అతనికి తెలియదు.

లేచింది. అయ్యా, లేచింది. సుద్దా ఆముదమూ కలిసి సేమియా పాయసంలా అయిన ఆ కడ్డీ మీద, వేళ్ళ కొసలతో, అతను దాన్ని మోకాళ్ళు దాటించాడు. తొడల దాకా తెచ్చాడు. మనిషన్నవాడికి అది సాధ్యం కాదని ఇప్పుడు నాకు తెలుసు. ఇంకొక్క జానెడు. వెయ్యిమంది ఊపిరి పీల్చడం మానేశారు. అప్పుడు వేళ్ళు ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. బార్ పడిన చప్పుడికి స్టేజీ కింద ఎక్కడో కుక్క మొరిగింది.

మాస్టారు పరుగున వచ్చారు. "ఏమైందిరా?"

దావీదు అరచేతులు చూసుకున్నాడు. "చెమటేమో మాస్టారూ. జారింది."

"నీకెప్పుడూ చేతులకి చెమట పట్టలేదే."

"ఇయ్యాల పట్టింది."

తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నావుగా బాబ్జీ. ఏం జరిగిందంటావు?"

నేను గొంతు సవరించుకున్నాను. ఆ రోజు నేను చేసినవాటిలో అన్నిటికంటే నీచమైనది ఇదే. నూనె రాయడం తెలివితక్కువతనం. ఇది తెలివితో చేశాను.

"పట్టు సరిపోలేదురా," అన్నాను. "నడుంలో బలం ఉంది, కాళ్ళల్లో ఉంది, వేళ్ళల్లో లేదు. వేళ్ళకి విడిగా సాధన చెయ్యాలి. తడి గోనెసంచులు పిండితే వస్తుందంటారు."

ఎవరంటారు? ఎవరూ అనరు. మా ఇంట్లో పనిమనిషి ఆ పొద్దున గోనెపట్టా ఉతుకుతూ పిండలేక తిట్టుకుంది. అది గుర్తొచ్చి అన్నాను.

అతను శ్రద్ధగా విని తలూపాడు. "నిజమే అయ్యుంటది," అన్నాడు.

ఆ తర్వాత నేను స్టేజీ ఎక్కి మెరిశాను. ఆరుగురిలో ఆరోవాణ్ణి.

దావీదు రైల్వేలోకి పోలేదు. ముఠాలో కొన్నాళ్ళు మోశాడు. ఉయ్యూరు పిల్లని చేసుకుని అక్కడికే వెళ్ళిపోయాడు, చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర పనిలో కుదిరాడు. వాళ్ళ నాన్న మెడ రెండో పక్కకి కూడా తిరగడం మానేసింది. నేను బెంజ్ సర్కిల్ దగ్గర టైర్ల కొట్టు పెట్టుకున్నాను. నా కండలన్నీ ఒక్కచోటికి చేరి పొట్టగా స్థిరపడ్డాయి. మేమిద్దరం పెళ్ళిళ్ళకీ చావులకీ కలుస్తూనే ఉన్నాం. కలిసిన ప్రతిసారీ నాకు జలుబు చేసేది.

మొన్నీమధ్య కొట్టుకి వచ్చాడు.

"ఆదివారం మధ్యాహ్నం ఉయ్యూరు రావాల్రా. మా పిల్లలకి చిన్న పోటీ పెడుతున్నా. నువ్వే ముఖ్య అతిథివి."

"పిల్లలేంటి?"

"పదేళ్ళనుంచి కుర్రాళ్ళకి బరువులు నేర్పుతున్నాగా. నీకు చెప్పలేదూ?"

వెళ్ళాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆనాటి ఫోటో చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఒకప్పుడు నేనెలా ఉండేవాణ్ణో కుర్రాళ్ళకి చూపిద్దామని.

షెడ్డు బయట వరసగా నీళ్ళ డ్రమ్ములు. ఒక్కోదాని దగ్గర ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు నిలబడి తడి గోనెసంచులు పిండుతున్నారు. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఏం చేస్తున్నారు బాబూ?" అన్నాను.

"బాబ్జీలు తీస్తున్నామండీ," అన్నాడు ఒకడు.

"ఏంటీ?"

"దీని పేరు బాబ్జీ అండీ. రోజుకి వంద బాబ్జీలు తియ్యాలి. ఆర్నెల్లు బాబ్జీలు తీస్తేగానీ మా సారు ఇనుము ముట్టుకోనివ్వరండీ. నాకింకా రెండు నెలలుందండీ."

దావీదు వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నా కాళ్ళు రెండంగుళాలు భూమిలోకి దిగాయి. "ఈయనేరా ఆ బాబ్జీగారు," అన్నాడు పిల్లలతో. "ఆ రోజు అందరూ నన్ను ఓదార్చారు. నిజం చెప్పింది ఈయనొక్కడే."

పిల్లలందరూ గోనెలు వదిలి నాకు దణ్ణం పెట్టారు.

నా జీవితంలో ఎంతో మంది దగ్గర అవమానపడ్డాను. ఆ దణ్ణాల ముందు అవేవీ లెక్కకి రావు. తర్వాత వాళ్ళు ఎత్తుతుంటే చూశాను. ఆ సన్నటి కుర్రాళ్ళు ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని, తడిమి చూడకుండా, పట్టుకుని, ఇనుముని అలా నిశ్శబ్దంగా లేపుతుంటే పద్దెనిమిదేళ్ళ దావీదు పదిహేను మందిగా నిలబడ్డట్టు ఉంది. మైకు నా చేతికి ఇచ్చారు.

"నేను నిజం చెప్పలేదు," అన్నాను.

అక్కడ్నించి అన్నీ చెప్పాను. ఆముదం, కారు, ఫోటో, నోరు మూసుకోవడం, పనిమనిషి గోనెపట్టా. ఫోటో తీసి దావీదు చేతిలో పెట్టాను. "బిళ్ళలు లెక్కపెట్టుకోరా. ఒక్కో పక్క అయిదు. అది నీ ఆఖరి బరువు. ఆ చేతులు నావి."

దావీదు కళ్ళజోడు పెట్టుకుని ఫోటోని చాలాసేపు చూశాడు.

"వీపు గుండ్రంగా వంచావు," అన్నాడు చివరికి. "ఇట్టా లాగితే నడుం పట్టేసుద్ది."

"పట్టేసింది. వారం రోజులు."

"ఆముదమా?"

"సగం."

మళ్ళీ ఫోటో చూశాడు. "ఇన్నేళ్ళూ ఏ బస్తా పట్టుకున్నా జారుద్దేమోనని భయమేరా నాకు. మా పిల్లని మొదటిసారి చేతుల్లో పెడితే ఎత్తుకోలేదు. కూచుని ఒళ్ళో పెట్టించుకున్నాను." అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "అయితే ఆ రోజు నా పట్టు బానే ఉందన్నమాట."

తలూపాను.

డ్రమ్ము దగ్గర కుర్రాడు మెల్లిగా అడిగాడు. "సార్, మరి బాబ్జీలు మానెయ్యమంటారా?"

"ఎందుకు మానతార్రా? పట్టు రావట్లేదా? తియ్యండి," అన్నాడు దావీదు. తర్వాత నావైపు తిరిగి కుడిచెయ్యి చాచాడు. నేనూ చాచాను.

ఇరవై ఎనిమిదేళ్ళు రోజుకి వంద గోనెసంచులు పిండిన చెయ్యి అది. అతను పెద్దగా నొక్కలేదు. స్నేహంగానే పట్టుకున్నాడు. నా వేళ్ళల్లో ఎముకలు ఒకదాని తర్వాత ఒకటి టపటపమన్నాయి. పట్టుకున్నదాన్ని అతను వదలడని ఇందాకే మనవి చేశాను.

ఈ నాలుగు మాటలూ నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా చేతికి ఇంకో పదిరోజులు కట్టు ఉంటుంది. ఆ కట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నూనె చేతులతో ఇక ఈ జన్మలో ఎవరి ఇనుమునీ తాకను. గారెలు తిన్నాక సబ్బుతో కడుక్కోకుండా మా కొట్లో టైరుని కూడా ముట్టుకోను. నాకు తెలియని విద్య ఎవరికీ నేర్పను.

ఇంకొక్క మాట రికార్డులో ఉండాలి. అతను నా చెయ్యి పట్టుకుని ఉండగా నేను, "తప్పయిందిరా దావీదూ, నన్ను క్షమించు," అన్నాను. నొప్పికి తట్టుకోలేక అన్నానని అక్కడి పిల్లలు అనుకుంటున్నారట. కాదు. అతను చెయ్యి వదిలాక కూడా అదే మాట మళ్ళీ అన్నాను.